ఖాళీ తుపాకి

మొన్న దసరా సెలవులకు ముందు మా మనుమరాలు కాలేజీ నుండి వస్తూనే చెప్పులు గుమ్మంలో వదిలి, "తాతయ్యా! ఈసారి కాంపులో మాకు ఎస్సెల్లార్ ఇస్తారట!" అని కేక వేసింది.

వంటింట్లో పప్పు తాలింపు పెడుతున్న మా ఆవిడకు ఆ మాట అర్థం కాలేదు. అదేదో స్కాలర్‌షిప్పు కాబోలుననుకుని, "ఎంత ఇస్తారే?" అని సంతోషంగా అడిగింది.

"ఒక్కసారికి ఇరవై తూటాలు పడతాయి, నాయనమ్మా!"

ఆ పూట తాలింపు మాడింది.

"ఏమండీ, వింటున్నారా? మగపిల్లలకే వద్దనుకుంటుంటే ఆడపిల్ల చేతికి తుపాకీ ఏమిటండీ?" అంటూ గరిటతో సహా వసారాలోకి వచ్చింది మా ఆవిడ. "ఎన్.సి.సి.లో ఆడపిల్లల విభాగం 1949లోనే వచ్చింది. అప్పటికి నువ్వింకా పుట్టలేదు" అన్నాను. అది సమాధానం కాదని నాకూ తెలుసు, ఆవిడకూ తెలుసు. ఆవిడ అడిగింది తేదీ కాదు. పిల్ల క్షేమంగా తిరిగి వస్తుందా అని అడిగింది.

ఆవిడ భయపడడం తప్పని నేననను. తుపాకి అంటే భయం ఉండవలసిందే. అయితే దేనికి భయపడాలో సరిగా తెలిసి భయపడాలి. లోకంలో అందరూ తూటాలు నింపిన తుపాకికి భయపడతారు. నేను మాత్రం ఖాళీ తుపాకికి భయపడతాను. ఎందుకో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

నేను వృత్తిరీత్యా తెలుగు లెక్చరర్ని. తెనాలిలో కాపురం. 2013లో రిటైరయ్యాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా కాలేజీ ఎన్.సి.సి. దళానికి ఆఫీసరు కావలసివచ్చింది. మిగతా వాళ్ళంతా ఏదో ఒక వంక చెప్పి తప్పుకున్నారు. నాకు వంక దొరకలేదు. ఆ విధంగా మనుచరిత్ర చెప్పే చేతితో తుపాకి పట్టవలసివచ్చింది.

ఇంతకూ ఈ ఎస్సెల్లార్ అంటే ఏమిటి? సెల్ఫ్ లోడింగ్ రైఫిలు. తనను తాను నింపుకునే తుపాకి అన్నమాట. బెల్జియం దేశంలో తయారైన ఒక నమూనా దీనికి మూలం. 1962లో చైనాతో యుద్ధం వచ్చేనాటికి మన జవాన్ల చేతిలో ఎక్కువగా ఉన్నది పాత త్రీనాట్‌త్రీ రైఫిలు. దానిలో ఒక గుండు పేల్చగానే చేత్తో బోల్టు ఎత్తి, వెనక్కు లాగి, ముందుకు తోసి, దించితేగాని రెండో గుండు పేలదు. ఆ యుద్ధం తరువాత బెంగాలులోని ఇషాపూరు కర్మాగారంలో ఈ 7.62 మిల్లీమీటర్ల రైఫిలు తయారై సైన్యానికి అందింది. 1990ల చివరి నుండి సైన్యంలో దీని స్థానాన్ని ఇన్సాస్ అనే రైఫిలు తీసుకున్నది. అయినా విద్యార్థులకు పాఠం చెప్పడానికి ఈ పాతదే మంచి గురువు. ఖాళీ రైఫిలే సుమారు 4.4 కిలోల బరువు, రెండున్నర మూరల పొడవు. చేతిలోకి తీసుకోగానే ఇది ఆటవస్తువు కాదని భుజానికి తెలిసిపోతుంది.

పిల్లకు పాఠం చెబుదామంటే మా ఇంట్లో తుపాకి లేదు. ఉండడానికి వీలూ లేదు. కేంద్రప్రభుత్వం ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప, సైన్యం వాడే ఇటువంటి రైఫిలు సామాన్యుల ఇళ్ళలో ఉండకూడదని చట్టం. అందుచేత వసారా మూలనున్న నా పాత గొడుగు తీసి, "ఇదే నీ రైఫిలు, పట్టుకో" అన్నాను.

పిల్ల గొడుగును చంకలో ఇరికించుకుని, "చూశావా నాయనమ్మా!" అంటూ గిరుక్కున తిరిగింది. గొడుగు మొన నా పొట్ట మీదుగా, మా ఆవిడ మీదుగా, అరుగు మీది పిల్లి మీదుగా సాగి, గోడ అవతల బట్టలు ఆరేస్తున్న పొరుగింటి పిన్నిగారి దగ్గర ఆగింది.

"ముగ్గురు మనుషుల్ని, ఒక పిల్లిని చంపావు" అన్నాను.

"గొడుగే కదా తాతయ్యా! పైగా ఖాళీ!"

"ఆ మాటే ఇంకెప్పుడూ అనకు" అని కూర్చోబెట్టి, మొదట యంత్రం సంగతి చెప్పాను. పాఠకులకు కూడా అది తెలిస్తే మిగతా జాగ్రత్తలన్నీ వాటంతటవే బోధపడతాయి.

తూటాలో గుండు ముందుంటుంది, మందు వెనక ఉంటుంది. ట్రిగ్గరు నొక్కగానే సుత్తి వంటి ముక్క ఒకటి సూదిని కొడుతుంది. సూది తూటా అడుగును పొడుస్తుంది. మందు మండి గాలిగా మారి గుండును గొట్టం వెంట తోస్తుంది. గొట్టం పైభాగాన ఒక చిన్న రంధ్రం ఉన్నది. గుండు దాన్ని దాటగానే వెనక వస్తున్న గాలిలో కొంత ఆ రంధ్రం గుండా పైకెక్కి ఒక కడ్డీని వెనక్కు తంతుంది. ఆ తాపుకు తూటాగదిని మూసి ఉన్న ఇనుపదిమ్మ వెనక్కు పరుగెత్తుతుంది. పోతూ పోతూ ఖాళీ తొడుగును లాగి బయట పారేస్తుంది. సుత్తిని మళ్ళీ ఎక్కుపెడుతుంది. బట్టులో ఉన్న స్ప్రింగు దాన్ని తిరిగి ముందుకు తోస్తుంది. వస్తూ వస్తూ మేగజీను పైనున్న కొత్త తూటాను గదిలోకి నెట్టి తలుపు బిగిస్తుంది. మీరు కన్ను మూసి తెరిచేలోగా ఇదంతా జరిగిపోతుంది.

ట్రిగ్గరు వదిలి మళ్ళీ నొక్కితే మళ్ళీ ఒక గుండు. నొక్కి పట్టుకున్నంత మాత్రాన ధారగా పేలదు. అందుకే దీన్ని పూర్తి ఆటోమేటిక్ అనక, సెమీ ఆటోమేటిక్ అంటారు. ఒక నొక్కుకు ఒక గుండు. నింపే పని మాత్రం తుపాకిదే.

ఇక్కడే ఉన్నది అసలు కిటుకు. త్రీనాట్‌త్రీలో రెండో తూటాను గదిలోకి తోసింది మన చెయ్యి గనుక, తోశామని మనకు గుర్తుంటుంది. దీనిలో ఆ పని తుపాకే చేస్తుంది. మనకు గుర్తున్నా చేస్తుంది, లేకపోయినా చేస్తుంది. ప్రతి గుండూ పేలిన మరుక్షణంలో, మేగజీనులో తూటాలున్నంతవరకు, తుపాకి మళ్ళీ నిండి ఉంటుంది. ఆ తరువాత మేగజీను ఊడదీసినా గదిలో చేరిన తూటా గదిలోనే ఉంటుంది. మేగజీను చేతికి వచ్చింది గనుక తుపాకి ఖాళీ అయిందనుకోవడం, బిందె దించాము గనుక నూతిలో నీళ్ళు లేవనుకోవడం వంటిది.

ఇది నాకు పుస్తకం చదివితే రాలేదు. 1984లో ఆఫీసరు శిక్షణకు ఉత్తరాదికి పంపినప్పుడు అనుభవం మీద వచ్చింది.

ఆరోజు ఫైరింగు మైదానంలో ఎదురుగా పెద్ద మట్టిదిబ్బ, దాని ముందు గురిబల్లలు, పక్కన ఎర్రజెండా. మనిషికి ఐదేసి తూటాలు. ఎనిమిదిమందిమి బోర్లా పడుకుని కాలుస్తున్నాము. శిక్షణ ఇచ్చే హవల్దారును అక్కడ అందరూ ఉస్తాద్ అంటారు. మా ఉస్తాద్ నడివయసు మనిషి. మాట తక్కువ, చూపు ఎక్కువ.

చెవులు గింగురుమంటున్నాయి. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటూ కాల్చాను. ఐదు అయినాయనుకున్నాను. నిజానికి నేను పేల్చినవి నాలుగే. పక్కవాడి తుపాకి మోతను నాదే అనుకుని లెక్కలో కలిపాను. "ఖాలీ కర్!" అని ఆజ్ఞ వచ్చింది. మేగజీను ఊడదీశాను. లోపల చూశాను. ఖాళీ! ఉండదు మరి. ఐదో తూటాను తుపాకి తనంతట తాను గదిలోకి తీసుకున్నది గదా! ఆ తరువాత కాకింగు హేండిలు లాగి గది చూడవలసిన పని నేను చేయలేదు. ఖాళీ మేగజీను చూశాక ఇంకా చూడవలసిందేమున్నదనిపించింది. పక్కనున్న మిత్రుడితో ఏదో చెప్పబోతూ మోచేతి మీద లేచాను. నాతోపాటు గొట్టమూ కుడివైపు తిరగబోయింది. వేలు ట్రిగ్గరు మీదనే ఉన్నది.

ఎప్పుడు వచ్చాడో ఉస్తాద్, గొట్టం మీద అరచెయ్యి వేసి నేలకు అదిమాడు. ఆ అదురుకు నా వేలు బిగిసింది. తుపాకి పేలింది. రెండు గజాల ముందు ఇసుక లేచి నా మొహాన పడింది.

మైదానమంతా నిశ్శబ్దమైపోయింది. ఉస్తాద్ కేకలు వేస్తాడనుకున్నాను. వేయలేదు. నేను ఖాళీ చేసి చూపించేవరకు అక్కడే కూర్చుని, తరువాత నా చుట్టూ పడిన ఇత్తడి తొడుగులు ఏరించాడు. "ఎన్ని, సాబ్?" అన్నాడు. "ఐదు" అన్నాను. "ఇప్పుడు ఐదు. ఇందాక నాలుగు. లెక్క తప్పడం మనిషికి సహజం. అందుకే లెక్కను నమ్మవద్దు. కన్ను పెట్టి చూడండి" అన్నాడు. అంతే. ఆ మిత్రుడు ఇప్పటికీ సంక్రాంతికి ఫోను చేస్తాడు. అతని గొంతు విన్నప్పుడల్లా నాకు ఆ ఇసుక కళ్ళల్లో పడుతుంది.

ఈ కథ విన్నాక మా ఆవిడ గరిట పక్కన పెట్టి కూర్చున్నది. నలభయ్యేళ్ళ కాపురంలో ఈ సంగతి ఆవిడకు చెప్పడం అదే మొదలు. పిల్ల గొడుగును మెల్లగా నేలమీద పెట్టింది, మొన గోడవైపు తిప్పి. అప్పుడు అసలు పాఠం మొదలుపెట్టాను.

మొదటి సూత్రం: ప్రతి తుపాకీ నిండి ఉన్నదనే అనుకోవాలి. ఎవరు ఖాళీ అని చెప్పి ఇచ్చినా, చేతికి రాగానే మనం స్వయంగా చూసుకోవాలి. ఇది ఇచ్చినవారిని అవమానించడం కాదు, మర్యాదే.

రెండవది: మొన ఎప్పుడూ క్షేమమైన దిక్కుకే ఉండాలి. మైదానంలో అయితే గురిబల్లల దిక్కుకే. మనం తిరగవలసివస్తే ముందు తుపాకిని కింద పెట్టి తిరగాలి.

మూడవది: గురి కుదిరి, కాల్చాలని నిశ్చయించుకునేవరకు వేలు ట్రిగ్గరు దగ్గరికి పోకూడదు. రైఫిలు పక్కన చాపి ఉంచాలి.

నాల్గవది: గురినే గాక, గురి వెనక ఏమున్నదో కూడా తెలిసి ఉండాలి. ఈ గుండు అడ్డం లేకపోతే రెండు మైళ్ళు దాటి పోగలదు. మైదానంలో అంత పెద్ద మట్టిదిబ్బ పోసేది అందుకే.

ఈ నాలుగింటిలో ఒకటి మరచినా మిగతావి కాపాడతాయి. నేను ఆనాడు మొదటిదీ మూడవదీ మరిచాను. రెండవది మరవబోతుండగా ఉస్తాద్ చెయ్యి అడ్డుపడింది. ప్రతివాడి పక్కనా ఉస్తాద్ ఉండడు గదా!

ఇక ఖాళీ చేసే వరస. దీన్ని పిల్లచేత గొడుగుతో ఇరవైసార్లు చేయించాను. మొన గురిబల్లల వైపు. వేలు బయట. ఎడమవైపు పిడికి పైనున్న సేఫ్టీ కేచిని కుడి బొటనవేలితో "ఎస్" అక్షరం మీదికి తిప్పాలి. పేల్చే స్థానానికి గుర్తు "ఆర్". తరువాత మేగజీను ఊడదీయాలి. ఆ తరువాతే ఎడమచేత్తో కాకింగు హేండిలును పూర్తిగా వెనక్కు లాగాలి. గదిలో తూటా ఉంటే బయటపడుతుంది. రెండు మూడుసార్లు లాగి, చివరిసారి వెనకనే పట్టి ఉంచి గదిలోకి కంటితో చూడాలి. చీకటిగా ఉంటే వేలితో తడిమి చూడాలి. అంతా అయినాక దిమ్మను ముందుకు వదలాలి.

ఈ వరస తలకిందులు కారాదు. మేగజీను ఉంచి ముందు హేండిలు లాగితే, ఒక తూటా బయటపడుతుంది, మేగజీను నుండి ఇంకొకటి లోపలికి పోతుంది. అప్పుడు మేగజీను తీసి, ఒక తూటా కిందపడడం కళ్ళారా చూశాము గనుక ఖాళీ అయిందని సంతోషిస్తాము. అన్నిటికన్నా ప్రమాదమైన ఖాళీ అది. సేఫ్టీ కేచిని కూడా పూర్తిగా నమ్మరాదు. అది ఇనుపముక్క, అరగవచ్చు. మొన దిక్కే మనకు నిజమైన రక్ష.

నింపడం దీనికన్నా సులువు. ఆజ్ఞ వచ్చాకనే నింపాలి. సేఫ్టీ "ఎస్" మీద ఉంచి, మేగజీను ముందుకొనను గూటిలో తగిలించి, వెనకకొనను టక్కుమనేదాకా పైకి లాగాలి. హేండిలు పూర్తిగా వెనక్కు లాగి ఒక్కసారిగా వదిలెయ్యాలి. భయపడి చేత్తో మెల్లగా సాగనంపితే తూటా సగంలో చిక్కుకుంటుంది.

బోర్లా పడుకుని కాల్చేటప్పుడు కాళ్ళు ఎడంగా చాపి, మోచేతులు నేలకు ఆనించి, బట్టును భుజం గుంటలో గట్టిగా హత్తుకోవాలి. వదులుగా పట్టినవారికే తుపాకి తాపు తెలుస్తుంది. వెనకనున్న చిల్లిగుండా చూస్తూ, ముందరి ముల్లు కొనను చిల్లి నడుమకు తెచ్చి, ఆ కొనను గురి మీద నిలపాలి. చూపు ముల్లు కొన మీదనే స్పష్టంగా ఉండాలి. ఊపిరి సగం వదిలి బిగబట్టాలి. ట్రిగ్గరును గుంజకూడదు, నిమ్మచెక్క పిండినట్టు మెల్లగా పిండాలి. ఎప్పుడు పేలిందో తనకే తెలియకుండా పేలినవాడి గుండే సూటిగా పోతుంది. చెవులకు రక్షణ లేకుండా మాత్రం కాల్చడానికి ఒప్పుకోవద్దన్నాను. ఈ వయసులో నాకు కుడిచెవి సరిగా వినపడకపోవడానికి ఆనాటి నిర్లక్ష్యం కూడా కారణమే.

ఒక్కొక్కప్పుడు ట్రిగ్గరు నొక్కినా పేలదు. అప్పుడు ఏమయిందోనని తుపాకి తిప్పి చూడడం మహాప్రమాదం. మందు ఆలస్యంగా అంటుకోవచ్చు. మొన అటే ఉంచి, వేలు తీసి, చెయ్యెత్తి ఉస్తాద్‌ను పిలవాలి. కనీసం అరనిమిషం దాన్ని కదల్చకూడదు.

"ఇన్ని నియమాలుంటే ఇంక కాల్చేదెప్పుడు?" అన్నది పిల్ల. "ఇవన్నీ అయినాక" అన్నాను.

ఈ సందర్భంలో గృహస్థులకు ఒక మాట. కొందరి ఇళ్ళలో పొలం కాపలాకో, ఆత్మరక్షణకో లైసెన్సు తుపాకి ఉంటుంది. తుపాకి ఒకచోట, తూటాలు ఇంకొకచోట, రెండింటికీ తాళాలు, తాళంచెవులు పెద్దల దగ్గర ఉండాలి. అటక మీద దాచాము గనుక పిల్లలకు తెలియదనుకోకండి. జంతికల డబ్బా ఎక్కడున్నదో తెలిసిన పిల్లలకు అదీ తెలుస్తుంది. పెళ్ళి ఊరేగింపులో సంతోషానికి గాలిలోకి కాల్చే దురాచారం కూడా మానుకోవాలి. పైకి పోయిన గుండు ఎవరో ఒకరి నెత్తిన దిగవలసిందే. ఇతరుల ప్రాణాలకు ముప్పు తెచ్చేలా అటువంటి కాల్పులు జరిపితే రెండేళ్ళవరకు జైలుగాని, లక్ష రూపాయలవరకు జరిమానాగాని, రెండూగాని పడేటట్లు 2019లో ఆయుధాల చట్టాన్ని సవరించారు.

పిల్ల కాంపుకు వెళ్ళింది. పదిరోజులూ మా ఆవిడ రోజూ సాయంత్రం వేంకటేశ్వరస్వామికి దీపం పెట్టి, ఆ తరువాత నావంక కోపంగా చూసేది. పదకొండోరోజు పిల్ల ఎండకు నల్లబడి, బూట్లనిండా దుమ్ముతో దిగింది.

"ఎన్ని తగిలినై?" అన్నాను.

"ఐదింటిలో మూడు. అది సరే తాతయ్యా, నా పక్కమ్మాయి తుపాకి పేలలేదు. ఏమిటోనని అది ఇటు తిరగబోయింది. నేను నా రైఫిలు కదల్చకుండానే 'మొన అటే ఉంచు!' అని అరిచాను. అది అలాగే ఆగిపోయింది. ఉస్తాద్ వచ్చి సరిచేశాడు. తరువాత, 'ఎవరు నేర్పారు నీకు?' అని అడిగాడు."

"ఏమన్నావు?"

"మా ఇంట్లో గొడుగు నేర్పిందన్నాను."

మా ఆవిడ ఏమీ అనలేదు. లోపలికి వెళ్ళి, పిల్ల కోసం దాచిన అరిసెల పళ్ళెం తెచ్చి ముందు పెట్టింది. తల మీద చెయ్యి వేసి కాసేపు అలాగే నిలబడింది.

ఆ సాయంత్రం వానపడితే నేను బజారు నుండి తడుస్తూ వచ్చాను. గొడుగు మూసి చంకలో పెట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి కాఫీ అడిగాను.

"ముందు ఆ మొన అటు తిప్పండి!" అన్నది మా ఆవిడ.

"గొడుగే కదుటే!"

"ఖాళీదని చూశారా?" అన్నది.